నాలుగు మంచాలు, ఒక రిమోట్

బర్వా అల్ బరాహా ఖతర్ రాజధాని దోహా శివార్లలో, ఇండస్ట్రియల్ ఏరియా పక్కన, బర్వా రియల్ ఎస్టేట్ కంపెనీ కట్టిన కార్మికుల నివాస సముదాయం. దాదాపు యాభై వేల మందికి సరిపోతుంది. కుటుంబాలు ఉండే వాడల్లో కార్మికుల క్యాంపులు ఉండరాదని ఖతర్ 2010లో 15వ నంబరు చట్టం చేసింది. ఇంటిల్లిపాదినీ ఊళ్లో వదిలి వచ్చినవాడు ఇక్కడి లెక్కలో బ్యాచిలరే. జగిత్యాలలో విమానం టికెట్ కొనేటప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి అయినవాడు దోహాలో దిగేసరికి బ్రహ్మచారుల జాబితాలో చేరిపోతాడు.

2014 నాటి నిబంధనల ప్రకారం గదికి నలుగురికి మించరాదు, మనిషికి కనీసం ఆరు చదరపు మీటర్ల చోటుండాలి, మంచం మీద మంచం వేయరాదు. ఈ సముదాయానికి లారీల పార్కింగ్ కూడా ఉంది. అక్కడ ఒక్క లారీ ఆగే చోటు ఆరు చదరపు మీటర్ల కంటే చాలా ఎక్కువ. పైగా లారీకి పక్క లారీ గురక వినిపించదు.

మంచం మీద మంచం లేదు కాబట్టి మంచం కింద గోడౌన్ వెలుస్తుంది. బియ్యం సంచి, ఉల్లిగడ్డలు, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ డబ్బా, ఎప్పుడో ఊరికి పోయేటప్పుడు తీసుకెళ్లాల్సిన కార్టన్, అన్నీ అక్కడే. చుట్టూ తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తే మంచం సొంత ఇల్లయిపోతుంది. ఈ ఇంటికి తలుపు లేదు, అద్దె లేదు, పక్కవాడు లోపల ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి దగ్గితే చాలు.

నిబంధనలు రాసినవారు చదరపు మీటర్లు కొలిచారు, మంచాలు లెక్కపెట్టారు. ఏసీ రిమోట్ ఎవరి దగ్గర ఉండాలో మాత్రం రాయలేదు. గది చరిత్ర అంతా ఆ ఖాళీలోనే నడుస్తుంది. పగలంతా ఎండలో ఇనుప చువ్వలు కట్టి వచ్చినవాడికి పద్దెనిమిది కావాలి. కోల్డ్ స్టోరేజీలో పనిచేసి వచ్చినవాడికి ఇరవై ఆరు కూడా చలే. నైట్ డ్యూటీవాడికి రిమోట్ పగలు కావాలి, కాని గదిలో అప్పుడు ఎవరూ ఉండరు గనుక వాడిని అదృష్టవంతుల్లో వేస్తారు. నాలుగోవాడు ఏ అంకె పెట్టినా సర్దుకుంటాడు, అందుకే రిమోట్ ఎప్పుడు పోయినా వాడి దిండు కిందే వెతుకుతారు. బయట నలభై ఐదు డిగ్రీలు. లోపల, చెల్లెలి పెళ్లికని కొన్న మందపాటి పూల దుప్పటి కార్టన్‌లోంచి బయటికి వస్తుంది. అది మళ్లీ కార్టన్‌లోకి వెళ్లిన దాఖలా లేదు. చెల్లెలికి ఇంకోటి కొంటారు.

తెల్లవారుజామున నాలుగు ఫోన్లలో నాలుగు అలారాలు మోగుతాయి. ఎవరి అలారం వారిని లేపదు, పక్కవారిని లేపుతుంది. బాత్రూం ముందు వరస, ఆ తర్వాత కంపెనీ బస్సు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని 2021 నుంచి రూలుంది. తేమను కూడా కలిపి కొలిచే వేడి 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. రూలు మంచిదే. కాకపోతే పది లోపల పని తెమలాలంటే చీకటితోనే సైట్‌లో ఉండాలి, చీకటితో సైట్‌లో ఉండాలంటే అర్ధరాత్రి దాటగానే లేచి కూర్చోవాలి. సైట్ దూరమైతే మధ్యాహ్నపు విశ్రాంతిలో కొంత బస్సుకే పోతుంది. బస్సులో నిద్రపోవడం ఒక విద్య. కిటికీ అద్దానికి తల ఆనించి, స్పీడ్ బ్రేకర్ రాకముందే లేపి, దాటాక తిరిగి ఆనించేవాడిని సీనియర్ అంటారు.

వంట వంతుల ప్రకారం జరుగుతుంది. నిజామాబాద్‌వాడి చేతి పుల్లటి పులుసుకు రాయచోటివాడు కారం చాలలేదంటాడు. రాయచోటివాడి వంతు రోజున నిజామాబాద్‌వాడు మజ్జిగ కోసం పక్కగది నేపాలీ ఫ్రిజ్ తెరుస్తాడు. అలిసిపోయిన రోజున ఖుబూస్ రొట్టె, కోడిగుడ్డు.

ఇక జీతం. 2021 మార్చి 20 నుంచి ఖతర్‌లో కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ భోజనం పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనం. తిండికి 300 అంటే రోజుకు పది. కరక్ చాయ్ రెండుసార్లు తాగితే ఆ పది బక్కచిక్కిపోతుంది. అయినా గురువారం సాయంత్రం కాగితం కప్పులో పొగలు కక్కే కరక్ మానేసినవాడు కనబడడు.

1966 వరకు ఖతర్‌లో చెలామణీ అయింది భారత రూపాయే, రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా అచ్చువేసిన నోట్లు. ఆ సౌకర్యమే కొనసాగి ఉంటే రియాల్ రేటు గురించి గదిలో నడిచే సగం మాటలు ఉండేవి కావు. 2001 నుంచి డాలరుకు 3.64 రియాళ్లని కట్టేశారు. అంటే డాలరు ముందు రూపాయి పడితే రియాల్ ముందూ పడినట్టే. 2001లో పదమూడు రూపాయలున్న రియాల్ 2024లో ఇరవై మూడు దగ్గరికి వచ్చింది. రూపాయి పతనమని టీవీలో ఆర్థికవేత్తలు తల పట్టుకుంటుంటే ఈ గదుల్లో చికెన్ వండుతారు. మేస్త్రీకి ఇష్టం లేకుండా, కంపెనీ సంతకం లేకుండా దొరికిన ఏకైక ఇంక్రిమెంట్ అది.

అందుకే జీతం పడగానే ఇంటికి పంపరు, రేటు కోసం ఆగుతారు. లెక్క చూద్దాం. 2024 రేటున వెయ్యి రియాళ్లు అంటే 23,000 రూపాయలు. వారం ఆగితే రియాల్‌కు పది పైసలు పెరిగిందనుకుంటే లాభం వంద రూపాయలు. వీసా కోసం ఊళ్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులో 23,000కు వారం వడ్డీ 107 రూపాయలు. నికర నష్టం ఏడు రూపాయలు, ఆ వారమంతా ఫోన్‌లో రేటు చూసి కళ్లు కాయలు కాసిన శ్రమ వేరే. అయినా రేటు పెరిగిన రోజున పంపినవాడు గదిలో తెలివిగలవాడు, నిన్ననే పంపినవాడు తొందరపాటు మనిషి.

శుక్రవారం సెలవు. బట్టలు, క్షవరం, బిర్యానీ, ఎక్స్చేంజ్ ముందు క్యూ, మిగిలితే నిద్ర. ఆ రోజు ఫోన్లు ఎక్కువ. "తిన్నవా?" "తిన్న." "ఏం కూర?" అక్కడి నుంచి బోరు మోటారు, చిట్టీ డబ్బులు, పిల్లల ఫీజు. దుప్పటి తెర కంటికే గాని చెవికి కాదు గనుక నలుగురి ఇళ్ల సంగతులూ నలుగురికీ కంఠతా వచ్చు. ఒకడి భార్య అలిగితే పక్క మంచం నుంచి సలహా వస్తుంది, "అన్నా, వదినను ఇంకోమాట అనకు." ఈ సలహాలకు జీతం లేదు గాని వీటివల్ల నిలబడ్డ సంసారాలు ఉన్నాయి. చదరపు మీటర్లు కొంచెం పెరిగి, మంచానికో గోడ వస్తే ఇవి దొరకవని అంటారు గాని, గోడ ఇస్తామంటే వద్దనేవాడు మాత్రం లేడు.

ఊళ్లో ఉన్నవారికి ఒక మనవి. దోహా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మీరు తీరిగ్గా చేసే ఫోన్ అక్కడ ఐదున్నరకు మోగుతుంది, నలుగురినీ లేపుతుంది. పదకొండు దాటాక చేయండి.