మీ అడ్రసులో కోలన్లు ఎక్కువయ్యాయి

ఎడమ పక్క మిషను అడ్రసు, కుడి పక్క పోర్టు నంబరు, మధ్యలో కోలను. ఆ కోలను దగ్గర పుటుక్కున తుంచి రెండు ముక్కలూ ప్రోగ్రాము చేతిలో పెట్టాలి. ఇదండీ నాకు అప్పగించిన పని. "అరగంట పని కదా" అన్నారు మా మేనేజరుగారు బెంగుళూరు నుంచి, వీడియోలో మొహమైనా చూపించకుండా. ఇక్కడ అన్నవరంలో అరగంటంటే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లదారిన కొండెక్కే టైము. కార్తీకమాసం వచ్చింది, కొండ మీద వ్రతాల రద్దీ పెరిగింది, ఊళ్లో ఫోను సిగ్నలు ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. నా అరగంట మాత్రం ఇంకా అవలేదు.

పూర్వం ఇది నిజంగా అరగంట పనే. 1981లో ఖాయం చేసిన ఐపీవీ4 అడ్రసు ఎంత బుద్ధిమంతురాలో చూడండి: 127.0.0.1:80. నాలుగు సంఖ్యలు, నడుమ మూడు చుక్కలు. చుక్కలు అడ్రసువి, కోలను పోర్టుది. ఎవరి హద్దులో వాళ్లుంటారు. పోర్టు కూడా గొడవ పెట్టే రకం కాదు, 0 నుంచి 65535 దాకా ఏదో ఒక సంఖ్య. వెబ్‌సైటుకి 80, తాళం వేసిన వెబ్‌సైటుకి 443, మెయిలుకి 25. కోలను కనపడిందా, తుంచావా, లేచి కాఫీ తాగావా.

కానీ ఆ పద్ధతిలో అడ్రసులు మొత్తం 429 కోట్లే. ప్రపంచానికంతటికీ అడ్రసులు పంచే కేంద్ర సంస్థ 2011 ఫిబ్రవరి 3న తన దగ్గర మిగిలిన చివరి కట్టలు కూడా పంచేసి చేతులు దులుపుకుంది. ఇలాంటి రోజొకటి వస్తుందని పెద్దలకి ముందే తెలుసు. 1995లోనే ఐపీవీ6 అని కొత్త అడ్రసుకి నమూనా కాగితం మీద పెట్టారు. ఎనిమిది ముక్కల అడ్రసు. ఇసుక రేణువులన్నిటికీ తలొకటి పంచినా తరగదట. బాగుంది. మరి ఆ ముక్కల మధ్య ఏం పెట్టాలి? కీబోర్డు మీద హ్యాషుంది, స్టారుంది, పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ ముట్టుకోని టిల్డె ఉంది. వాటన్నిటినీ వదిలేసి కోలను పెట్టారు. అప్పటికే పోర్టు దగ్గర ఉద్యోగం చేసుకుంటున్న కోలను!

అక్కడితో ఆగారా? సున్నాలు వరసగా వస్తే అవన్నీ రాయనక్కర్లేదు, రెండు కోలన్లు పక్కపక్కన పెట్టేస్తే చాలన్నారు. అలా కుదిస్తే ఎవరి మిషనుకి వారు పెట్టుకునే సొంత అడ్రసు ::1 అయింది. ఇప్పుడు నాకొకాయన ::1:80 అని పంపాడనుకోండి. అది ::1 అనే మిషనులో 80వ పోర్టా, లేక ::1:80 అనే వేరే మిషనా? రెండూ చెల్లుతాయి. మొదటి కోలను దగ్గర తుంచితే ఎడమ పక్క ఏమీ మిగలదు. "అయితే చివరి కోలను దగ్గర తుంచు" అని ఉచిత సలహా ఇచ్చిన మిత్రుడున్నాడు. పోర్టు లేకుండా ఒట్టి ::1 వస్తే? ఒక కోలను మిషను పేరవుతుంది, 1 పోర్టవుతుంది. కోలను అనే పేరున్న మిషను కోసం మా ప్రోగ్రాము ప్రపంచమంతా వెతుక్కొచ్చింది పాపం.

గో భాషలో ఈ పనికి తయారుగా ఒక పనిముట్టుంది. దానికి ఇలాంటి అడ్రసు ఇస్తే "టూ మెనీ కోలన్స్ ఇన్ అడ్రెస్" అని మొహం మీదే తలుపేస్తుంది. ఎక్కువ పెట్టింది నేనా? పెట్టినవాళ్లని అడగవమ్మా!

విరుగుడు కనిపెట్టకపోలేదు. 1999 డిసెంబరులో, అంటే కోలన్లు పోసిన నాలుగేళ్లకి, అడ్రసుకి అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెట్టి ఆ బయట పోర్టు రాయమన్నారు: [::1]:80. జనం వింటారా? 2010లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5952 అనే పత్రంలో, అడ్రసునీ పోర్టునీ కలిపి జనం ఎన్ని రకాలుగా రాస్తున్నారో పాపం జాబితా వేశారు. బ్రాకెట్లు పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు, కోలను బదులు చుక్క పెట్టేవాళ్లు, హ్యాషు పెట్టేవాళ్లు, "పోర్ట్" అని అక్షరాలా రాసేవాళ్లు, "పీ" అని ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లు. మొత్తం ఆరు రకాలు. అన్నీ చెప్పి, చివర్న బ్రాకెట్లే వాడండి బాబూ అన్నారు. విండోస్ వాళ్లది మరో కష్టం. వాళ్లకి ఫైలు దారిలో కోలను మామూలుగా డ్రైవు అక్షరం పక్కన తప్ప ఇంకెక్కడా పనికిరాదు. అందుకని కోలన్లన్నిటినీ అడ్డగీతలు చేసి, చివర ఐపీవీ6-లిటరల్.నెట్ అని ఓ తోక తగిలించారు. అది మనం నవ్వాల్సిన చోటు కాదు, వాళ్లు నిజంగానే అలా చేశారు.

ఆ మాటకొస్తే కోలనుతో మన తెలుగువాళ్లకీ పాత బాకీ ఉంది. విసర్గ ఎక్కడుందో వెతకలేక కోలను కొట్టి దుఃఖం రాసేవాళ్లు కోకొల్లలు. అలా కొట్టిన దుఃఖాన్ని మా పాత కోడుకి ఇచ్చి చూశాను. "దు" అనే మిషనులో "ఖం" అనే పోర్టు అంది.

అడ్రసు వదిలేసి పోర్టు మాత్రం చూద్దామా అంటే అక్కడా సుఖం లేదు. పైథాన్‌లో అంకెలున్న మాటని సంఖ్యగా మార్చే ఇంట్ అనే పనిముట్టుకి ౮౦ అని తెలుగు అంకెల్లో ఇచ్చి చూడండి, తడుముకోకుండా 80 అంటుంది. మా ఇంట్లో పిల్లలకి రావు తెలుగు అంకెలు, మిషనుకి వచ్చు. ఒక్క క్షణం ఛాతీ ఉప్పొంగింది. తరవాత గుర్తొచ్చింది, పోర్టు నంబరులో అవి రాకూడదు, రాకుండా చూసే బాధ్యత కూడా నాదే. అదే పనిముట్టు 84_43 అని మధ్యలో గీత గీసినా 8443 అని ఒప్పేసుకుంటుంది. మరీ ఇంత మొహమాటమైతే ఎలా?

సరే, ఇప్పుడు కాస్త మా వీధిలోకి రండి. ఈ విషయానికి సంబంధం ఉందో లేదో మీరే చెబుదురుగాని.

మా తాతగారి ఇంటి నంబరు 3-12. మూడో వార్డు, పన్నెండో ఇల్లు. ఇందులో తికమకేముంది అంటారు. దాన్నెవరో పుణ్యాత్ముడు ఎక్సెల్‌లో ఎక్కించాడు. ఎక్సెల్‌కి అడ్డగీత కనపడితే తారీఖు కనపడినట్టే. మా ఇల్లు డిసెంబరు 3 అయింది. మా వార్డులో మొదటి పన్నెండు ఇళ్లూ జనవరి మూడు నుంచి డిసెంబరు మూడు దాకా నెలకొకటి చొప్పున సర్దుకున్నాయి. పదమూడో ఇంటివాళ్ల గతి ఏమైందో చూసే ఓపిక లేకపోయింది. రాములవారి గుడి పక్కనున్న మాస్టారు "మాది ఏప్రిలు మూడటండీ, వడగళ్ల వాన పడుతుందేమో" అని కబురు చేశారు. నవ్వకండి, దీనికి మనుషుల జన్యువులే లొంగిపోయాయి. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న జన్యువులని ఎక్సెల్ తారీఖులు చేసేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఎక్సెల్‌ని మార్చడం కంటే మనిషిని మార్చడం సులువని తేలింది.

తరవాత ఇల్లు రెండు వాటాలైంది. 3-12/1, 3-12/2. ఆ ఏటవాలు గీత పడ్డాక మొదలైంది అసలు కథ. ఆన్‌లైన్లో ఏదైనా కొందామని అడ్రసు రాస్తే "ప్రత్యేక గుర్తులు వాడరాదు" అంటుంది వెబ్‌సైటు. మా ఇంటి నంబరులో ఉన్నదే ఆ గుర్తు, తీసేస్తే అది మా ఇల్లు కాదు! గీత తీసి 3-122 అని రాస్తే పార్సెలు చెరువు గట్టుకి పోతుంది. అడ్డగీత పెట్టి 3-12-2 అంటే, పార్సెలు తెచ్చే కుర్రాడు మూడో వార్డు వదిలేసి పన్నెండో వార్డులో రెండో ఇల్లు వెతుకుతాడు. హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఎన్నో బంగళాలకి 8-2-293/82 అన్నదే మొదలు, ఆ వెనక ఏ, బీ, సీలూ ప్లాటు నంబర్లూ. అంతంత పెద్దవాళ్లు వాళ్ల పార్సెళ్లు ఎలా తెచ్చుకుంటున్నారో కనుక్కోవాలని ఉంది.

ఇక ఊరి పేరు. "సార్, అన్నవరం బీచ్ దగ్గరున్నానండి, మీ ఇల్లు ఎటువైపండి?" అని ఓ కుర్రాడు ఫోను. నాయనా, ఇక్కడ బీచ్ లేదు. కొండుంది, పంపానది ఉంది, సత్యదేవుడున్నాడు. నువ్వు భీమిలి దగ్గరి అన్నవరంలో ఉన్నావు. "మరి మీది ఏ అన్నవరమండి?" తుని దగ్గర అన్నవరం. "తునిలో ఎక్కడండి?" తుని కాదు నాయనా, అన్నవరం. "అదే కదండి, అన్నవరంలోనే ఉన్నాను." ఒకే పేరున్న ఊళ్లతో ఈ బాధ పడలేకే 1972 ఆగస్టు 15న పిన్‌కోడు పెట్టారు. మాది 533తో మొదలవుతుంది. ఆ కుర్రాడు దాన్ని చూడడు. ఆరంకెలు అడ్రసు చివర ఉంటాయి, అంతదాకా చదివే తీరిక ఎవరికుంది? మా పాత ప్రోగ్రామూ అంతే, మొదటి కోలను దగ్గరే ఆగిపోయేది.

2025లో తపాలాశాఖ డిజిపిన్ అని ఇంకొకటి తెచ్చింది. ఐఐటీ హైదరాబాదు, ఇస్రోవారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి చేశారు. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరానికి పది అక్షరాల కోడు ఇచ్చారు. ఇంటి నంబరక్కర్లేదు, వీధక్కర్లేదు, గీతలక్కర్లేదు. సరదాకి ఫోను పట్టుకుని ఇంట్లో తిరిగి చూశాను. వంటింటికో కోడు, పెరట్లో అరుగుకో కోడు. సావిట్లో గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

ఆ గోడ వాటాల నాటిది. అటు పెదనాన్న వాళ్లది, ఇటు మాది. నాలుగు మీటర్ల చదరం గోడల్ని చూసి ఆగదు కదా, ఆ గడిలో మా సగం సావిడీ వాళ్ల సగం సావిడీ ఒక్క కోడు కిందే పడ్డాయి. గోడ కట్టినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. వాళ్ల గొడవ దేని గురించో అన్నయ్యకీ తెలియదు, నాకూ సరిగ్గా తెలియదు. అయినా నా పార్సెలు పొరపాటున అటు వెళ్తే వదిన దాన్ని పిట్టగోడ మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోతుంది, పిలవదు. నేనూ వాళ్లవి అలాగే పెడతాను. ఉద్యోగంలో ఇంతకాలం నేను చేసినదంతా ఎక్కడ తుంచాలో కనుక్కోవడమే. తుంచినదాన్ని కలిపే పనిముట్టు ఏ భాషలోనైనా ఒక్క లైను. ఇంట్లో ఆ లైను ఎవరు ముందు రాయాలో తెలియక ఇద్దరం ఊరుకున్నాం.

సరే, పని సంగతి. మన దేశంలో ఫోన్లలో ఐపీవీ6 వాడకం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది, కాబట్టి "ఇలాంటి అడ్రసులు ఎవరు వాడతారులే" అని తప్పించుకోవడానికి లేదు. చివరికి నియమం ఇలా పెట్టాను: బ్రాకెట్టుతో మొదలైతే బ్రాకెట్టు ముగిసే దాకా అడ్రసు. బ్రాకెట్లు లేకుండా ఒక్క కోలనే ఉంటే అక్కడ తుంచు. రెండు, అంతకు మించి ఉంటే అంతా అడ్రసే, పోర్టు లేదు. పోర్టులో సున్నా నుంచి తొమ్మిది దాకా మామూలు అంకెలు తప్ప ఇంకేం వచ్చినా తిప్పి పంపు, తెలుగు అంకెలతో సహా. ఐపీవీ4 ముక్కల్లో ముందు సున్నా ఉన్నా తిప్పి పంపు. ఎందుకంటే 010ని కొన్ని ప్రోగ్రాములు పది అని, యూనిక్స్ పాత సంప్రదాయం పాటించేవి ఎనిమిది అని చదువుతాయి. ఈ తేడాని పట్టుకుని దొంగలు దూరొచ్చని 2021లో పైథాన్ వాళ్లూ, నోడ్ వాళ్ల లైబ్రరీలూ హడావిడిగా తలుపులు బిగించుకోవాల్సొచ్చింది.

అయిపోయిందనుకుని కోడు పంపాను. పరీక్షించే అమ్మాయి సాయంత్రం మెసేజి పెట్టింది: "అన్నా, పర్సంటు గుర్తుంటే?"

ఉంటుందిట. ఒకే గదిలో, ఒకే తీగ మీద ఉన్న మిషన్లకి మాత్రమే పనికొచ్చే ఐపీవీ6 అడ్రసులు కొన్నుంటాయి. వాటిలో ఏ తీగ నుంచి వెళ్లాలో చెప్పడానికి చివర పర్సంటు పెట్టి తీగ పేరు రాయాలి. వెబ్ అడ్రసులో పర్సంటుకి వేరే పని ఉంది, మామూలుగా రాయకూడని అక్షరాలని అదే మోస్తుంది. కనక అక్కడ పర్సంటు రాయాలంటే పర్సంటు 25 అని రాయమని 2013లో పత్రం రాశారు. బ్రౌజర్ల వాళ్లు దాన్ని పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోదలచలేదు. పర్సంటు కనపడితే "ఈ అడ్రసు మాకు అర్థం కాలేదు" అని చెప్పి ఊరుకునేలా రాసి ఆ అమ్మాయికి పంపేశాను. ఎవరైనా అడిగినప్పుడు చూద్దాం.