సమన్లు ఏ లోకానికి?

తుపాకులు దించి మాట్లాడుకోండన్నవాళ్లను బోనెక్కించడంలో మన పోలీసుల ముందుచూపే వేరు. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో 152 మందిపై ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు. సర్కారు, మావోయిస్టుల మధ్య శాంతి చర్చల కోసం తిరిగిన ప్రొఫెసర్ హరగోపాల్ అందులో ఒకరు. బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి జస్టిస్ సురేశ్ మరొకరు. ఆయన 2020లోనే కన్నుమూశారు!

"మరి సమన్లు ఎవరు పట్టుకపోతరు బిడ్డా?" అని ఖానాపురం హవేలి టీబండి కాడ ఓ తాత సందేహం.

సంగతి బయటపడి పరువు పోయాక, 2023 జూన్‌లో హరగోపాల్ మీది కేసు ఎత్తేయమన్నారు నాటి ముఖ్యమంత్రి కేసీఆర్. 2025 ఏప్రిల్‌లో, కుర్చీ లేని కేసీఆర్ ఎల్కతుర్తి సభలో మావోయిస్టులపై ఆపరేషన్ కగార్ ఆపి చర్చలు జరపాలన్నారు. తాడ్వాయి లెక్కన అది 153వ పేరు. ఎస్సైగారూ, పెన్నుందా?