పాత పీసీలో గేమ్ వేగం కొలవాలంటే: ఫార్మాట్ కొట్టకండి, ఏసీ ఆపండి

చిప్‌ల వేగం కొలవడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు హైటెక్ సిటీ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా, క్వాల్‌కామ్, అన్నిటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి కదా. చిక్కెక్కడంటే, ఇంట్లో అటక మీది పెంటియంను దింపి పాత గేమ్‌లు పోల్చేటప్పుడు కూడా ఆఫీసు పద్ధతే పాటిస్తారు. విండోస్ మళ్లీ ఎక్కించి, గది చల్లబరచి, సౌండ్ ఆపేసి, నాలుగుసార్లు నడిపి సగటు తీస్తారు. నేనైతే అన్నీ దానికి ఎదురే చేయమంటాను. ఇంట్లో వాడిన కంప్యూటర్‌ని ఇంట్లో వాడినట్టే కొలవాలి.

ముందుగా, ఫార్మాట్ కొట్టకండి. ఆ హార్డ్ డిస్క్‌లో నాన్నగారి ట్యాలీ, తెలుగు ఫాంట్లు, పాటల ఫోల్డర్లు, గడియారం పక్కన కూర్చునే యాంటీవైరస్, అన్నీ ఉండనివ్వండి. గేమ్ ఆడింది వాటి మధ్యే. ర్యామ్ కూడా పెంచకండి. 1998 నవంబరులో, అంటే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన నెలలోనే, హాఫ్-లైఫ్ వచ్చింది. దానికి కనీసం పెంటియం 133, 24 ఎంబీ ర్యామ్ ఉండాలన్నారు. ఆ కనీసంతోనే నెట్టుకొచ్చిన ఇంటికి ఇప్పుడు 256 ఎంబీ పెట్టి కొలిస్తే అది ఎవరి కంప్యూటరూ కాదు.

రెండు మిషన్లలో ఒక్క భాగమే మార్చి పోల్చమంటారు. వద్దు. మొత్తానికి మొత్తం వేరైన రెండు మిషన్లను పక్కపక్కన పెట్టండి, అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది. ఉదాహరణకు సైరిక్స్ 6x86 పీ166+ చిప్ ఉంది. పేరులో 166 ఉన్నా నడిచేది 133 మెగాహెర్ట్జ్‌లోనే. ఆఫీసు పనుల్లో పెంటియం 166కి ఏమాత్రం తగ్గదు. 1996లో వచ్చిన క్వేక్ పెట్టగానే చతికిలబడుతుంది. కారణం చిప్‌లోనే కాదు, గేమ్ రాసిన తీరులోనూ ఉంది. గోడలూ నేలా దూరాన్నిబట్టి సరిగ్గా కనపడాలంటే భాగహారం చేయాలి. క్వేక్ ఆ లెక్కను 16 పిక్సెళ్లకు ఒకసారి చేస్తుంది. పెంటియంలో దశాంశాల విభాగం ఆ లెక్కలో ఉండగానే పూర్ణాంకాల విభాగం పిక్సెళ్లు గీసేస్తుంది. వంటింట్లో రెండు పొయ్యిల మీద ఒకేసారి వండినట్టు. సైరిక్స్‌లో ఆ దశాంశాల పొయ్యి మంట తక్కువ. మెగాహెర్ట్జ్‌లు సమానం చేసి, విడిభాగాలు జతకూర్చి కొలిచేవారికి ఈ ముచ్చట దొరకదు.

సౌండ్ ఆపకండి. ఆ రోజుల్లో తుపాకీ మోతనూ అడుగుల చప్పుడునూ కలిపే పని కూడా ప్రాసెసర్‌దే. మౌనంగా ఆడించి వచ్చిన అదనపు ఫ్రేములు ఏ పిల్లవాడూ చూడనివి.

సగటును అసలు నమ్మొద్దు. క్వేక్‌లో టైమ్‌డెమో డెమో1 అని కొడితే 969 ఫ్రేములు గీసి, పట్టిన సెకన్లు చెబుతుంది. 40 సెకన్లు పడితే సెకనుకు 24 చిల్లర. బాగానే ఉందనిపిస్తుంది. రాక్షసులు మీదపడి, రాకెట్ పేలినచోట బొమ్మ ఎంతసేపు బిగుసుకుపోయిందో ఆ అంకె చెప్పదు. మనం చచ్చింది అక్కడే. అక్కడే చూసి, అదొక్కటే రాసుకోండి.

ఏసీ ఆపండి, వీలైతే మే నెల మధ్యాహ్నం కూర్చోండి. 1998 నాటి సెలెరాన్ 300ఏ గుణకం 4.5 దగ్గర బిగించి ఉంటుంది. మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 నుంచి 100 చేస్తే 450 మెగాహెర్ట్జ్‌కి ఎక్కుతుంది. డిసెంబరులో బ్రహ్మాండంగా ఆడినది మేలో హ్యాంగ్ అయితే, ఆ మిషన్ వేగం 450 అని నేనొప్పుకోను.

ఎల్‌సీడీ మానిటర్ తగిలించొద్దు. డాస్ గేమ్‌ల 320x200 మోడ్‌లో తెర సెకనుకు 70 సార్లు మారుతుంది. చాలా ఎల్‌సీడీలు 60 దగ్గరే ఆగుతాయి, పైగా బొమ్మను సాగదీసి మసకబారుస్తాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో అడిగిచూడండి, ఏ మూలనో లావుపాటి సీఆర్టీ దొరకొచ్చు. బరువని వదిలేయకండి, ఆటోలో పెట్టించుకు రండి.

చివరగా, కీబోర్డు మీరు పట్టుకోకండి. చిన్నప్పుడు ఆ మిషన్ మీద ఆడిన అన్నకో చెల్లికో ఇవ్వండి. ఏ చిప్పో, ఎన్ని ఫ్రేములో చెప్పకండి. రెండిట్లో ఏది బాగుందో వాళ్లు అన్నాకే కేబినెట్ మూత తీయండి. అంకె రాసేటప్పుడు దాని పక్కన గది వేడి, సౌండ్ కార్డు, మానిటర్ రిఫ్రెష్ రేటు కూడా రాయండి.