ఆత్మకు అయిదు మార్కులు

మా పెదనాన్నగారి అమ్మాయి కోయంబత్తూరులో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. ఆసుపత్రి పేరెందుకు లెండి. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ దిగి చెప్పులు తొడుక్కుంటుంటే హెచ్‌.ఆర్‌. వాళ్ళు ఆపి ఓ కాగితం చేతిలో పెట్టారట. మీ పనిలో మీకు పరమార్థం కనిపిస్తోందా? ఒకటి నుంచి అయిదు లోపు మార్కులు వేయండి. ప్రశ్న ఇంగ్లీషులో, సందేహం అరవంలో, విసుగు మాత్రం తెలుగులో వచ్చిందట దానికి.

ఇంకో ప్రశ్న: పనిలో ఉంటే కాలం తెలియకుండా గడిచిపోతోందా? నిజం దాచడమెందుకని అయిదు వేసింది. ముప్ఫై మంది రోగులకు ఇద్దరే ఉంటే కాలమెలా తెలుస్తుంది? రాత్రంతా మంచినీళ్ళు తాగలేదని ఇంటికొచ్చాకే తెలిసింది. ఆ అయిదు చూసి యాజమాన్యం మురిసిపోయే ఉంటుంది, సిబ్బంది పనిలో లీనమైపోయారని!

ఆ పై వారం నుంచి పొద్దున్న ఏడున్నరకు ధ్యానం. రాకపోతే సగం రోజు కోత. మనశ్శాంతికి కూడా బొటనవేలు ముద్ర వేయాలన్నమాట.

ఇలాంటి తరగతుల్లో తెరమీద మొదటి బొమ్మ మన మదురై డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారిది. వడమలాపురంలో పుట్టిన మనవాడు. కీళ్ళవాతం వేళ్ళను వంకర తిప్పేసినా, ఆ వేళ్ళతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. శ్రీ అరవిందుల భక్తుడు. సర్కారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో 11 పడకలతో పెట్టిన ఆసుపత్రికి ఆ పేరే పెట్టుకున్నారు. తరగతి ఇక్కడితో ఆగి, అందర్నీ కళ్ళు మూసుకోమంటుంది.

కళ్ళు తెరిస్తే కనిపించేది వేరు. ఆయన ఆపరేషన్ గదిలో పక్కపక్కనే బల్లలు, ఒకరి కన్ను పూర్తయ్యేలోపు రెండోవారు సిద్ధం. పని నడిపే తీరుకు ఆయన మెచ్చి చూపించింది మెక్‌డొనాల్డ్స్‌ని! విదేశీ లెన్సు ఖరీదు పేదవాడికి అందడంలేదని 1992లో ఆరోలాబ్ పెట్టి ఇక్కడే చేయించారు. పల్లెటూరి ఆడపిల్లలకు రెండేళ్ళు పని నేర్పించి మరీ వార్డులోకి దించారు. ఆయన ధ్యానం బల్ల దగ్గరికొచ్చేసరికి లెక్కయింది. ఈ తరగతులు పెట్టేవాళ్ళది లెక్క అడగకుండా ఉండటానికి.

లెక్కంటే గుర్తొచ్చింది. సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని 2016లోనే అంది. అడిగి చూడండి, సేవకు వెల కడతారా అంటారు. ఐసీయూ పడకకు రోజుకింతని కట్టింది మరి ఏ పుణ్యాత్ముడో!

ఆ కాగితం చివర సలహాలకని రెండు గీతలు ఖాళీ వదిలారట. "రాత్రిపూట మా వార్డుకు ఇంకొక మనిషిని వేయండి" అని రాసిచ్చింది మా చెల్లెలు. పోయిన నెల మనిషిని వేశారు. ధ్యానం నేర్పే ఆయన్ని.