దమయంతి గారి కేవైసీ కౌంటరు

కళ్ళార్పలేనివాళ్ళు కూడా బతికున్నట్టేనని 2025 ఏప్రిల్ 30, బుధవారం నాడు సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ రోజే సింహాచలంలో గోడ కూలి ఏడుగురు పోయారు. మన వైపు ఇంకే వార్తా ఎవరి కంటికీ ఆనలేదు. ఆనకపోయినా తీర్పు తీర్పే. ప్రజ్ఞా ప్రసూన్ అనే ఆవిడ వేసిన కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ కలిసి ఇరవై ఆదేశాలిచ్చారు. ఫోనులో కేవైసీ చేసేటప్పుడు ‘రెప్ప వేయండి’ అని తప్ప ఇంకో దారి లేకుండా చేయకూడదట. సంతకం చేయలేనివాళ్ళ వేలిముద్ర ఒప్పుకోవాలట. కాగితాల మీద కేవైసీ చేయించుకుంటామంటే కాదనకూడదట. డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనట.

బ్యాంకుల తరఫున నేను తీవ్రంగా అభ్యంతరం చెబుతున్నాను. కోర్టు వారు చట్టం చదివారు కానీ పురాణం చదివినట్టు లేదు. రెప్ప పరీక్ష నిన్నమొన్న ఎవడో బెంగళూరు కుర్రాడు కనిపెట్టింది కాదు. అది దమయంతిది. స్వయంవరంలో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న ఐదుగురు నలులు వరసగా కూర్చున్నారు. అందులో నలుగురు దేవతలు, ఒక్కడే మనిషి. దేవతలకి రెప్పపాటు ఉండదు కదా! రెప్ప వేసినవాడి మెళ్ళో దండ వేసి లేచింది. ఓటీపీ లేదు, ఆధార్ లేదు, మోసం అసలే లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన మా విజయనగరం వాళ్ళకి ఈ కథ నేను చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే.

అయితే దమయంతి రెప్ప ఒక్కటే చూడలేదు. చెమట పట్టిందా, మెళ్ళో దండ వాడిందా, పాదం నేలకి ఆనిందా అని కూడా చూసింది. బ్యాంకులు ఖర్చు తగ్గించుకుని రెప్ప మాత్రం ఉంచుకున్నాయి. చెమట ఉంచి ఉంటే ఏ గొడవా లేకపోయేది. మే నెలలో విజయనగరంలో ఆ పరీక్ష తప్పేవాడు పుట్టలేదు.

సరే, స్వయంవరంలో ఓడిపోయిన ఆ నలుగురూ పొదుపు ఖాతా తెరుద్దామని మూడు లాంతర్ల దగ్గర ఒక బ్యాంకుకి వచ్చారనుకుందాం. ముందు ఇంద్రుడు. యాప్ తెరిచి ఫోను మొహానికి ఎదురుగా పెట్టుకున్నాడు. ‘ఒక మొహం మాత్రమే కనిపించాలి’ అంది. ఒళ్ళంతా వెయ్యి కళ్ళున్నవాడు ఏం చేస్తాడు, ఉత్తరీయం కప్పుకున్నాడు. ‘కళ్ళార్పండి’ అంది. వెయ్యింటిలో ఒక్కటీ ఆరలేదు. ‘సమయం మించిపోయింది, మొదటి నుంచి ప్రయత్నించండి’ అంది. తర్వాత అగ్ని. ‘వెలుతురు ఎక్కువగా ఉంది, నీడకి రండి’ అంది. వరుణుడు ఫోను పట్టుకోగానే తెర తడిసి పనిచేయడం మానేసింది. ఇక యముడు. ఆయనకి పింఛను పత్రం కూడా కావాలి, అందుకు తను బతికున్నట్టు రుజువు చూపాలి. లోకంలో అందరికీ మరణం ఖాయం చేసేవాడు కౌంటరు ముందు నిలబడి, నేను పోలేదు బాబూ అని బతిమాలుకుంటున్నాడు.

“ఓపాలి రెప్పెయ్యండి బావూ, ఐపోద్ది” అన్నాడు లోపలి కుర్రాడు, పాపం మంచివాడే.

“రాదయ్యా, పుట్టుకతోనే రాదు.”

“నానేటి సెయ్యనండి? మీరు నా ఎదురుగానే నిలబడ్డారు, నాకు కనిపిస్తన్నారు. సిస్టం ఒప్పుకోట్లేదు.”

ఆ వెనక ధృతరాష్ట్రుడు, చెయ్యి పట్టుకుని సంజయుడు. ఫోను తెర మీద గుండ్రటి గీత గీసి ‘మొహం ఇందులో ఉంచండి’ అని రాసింది. రాసింది, అంతే. నోటితో చెప్పలేదు. చూపులేనివాళ్ళు ఫోనులో వాడే స్క్రీన్ రీడరుకి ఆ గీత సంగతి తెలియదు, దాని కింది బొత్తానికి పేరు పెట్టలేదు కాబట్టి ‘బటన్, బటన్’ అని చదివి ఊరుకుంది. కురుక్షేత్రం మొత్తాన్ని కళ్ళకు కట్టినవాడు సంజయుడు, అతనికిదో లెక్కా? “ప్రభూ, కొంచెం ఎడమకి” అన్నాడు. అంతే, దరఖాస్తు తిరస్కరించారు. వీడియో కేవైసీలో పక్కనుంచి ఎవరైనా అందించినట్టు కనిపిస్తే ఖాతా ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, నేను కల్పించింది కాదు. ఆ ‘కొంచెం ఎడమకి’ అనే మాట యాపే చెప్పి ఉంటే సంజయుడు హస్తినలో ఉండిపోయేవాడు.

చివరికి ఒక్క ఖాతా తెరుచుకుంది. మారీచుడిది. ఎవరిదో మొహం తగిలించుకుని వీడియో బొమ్మగా వచ్చి, సినిమా హీరోయిన్ కంటే అందంగా రెప్పలల్లార్చాడు. డీప్‌ఫేక్‌కి రెప్ప వేయడం ఒక లెక్క కాదు. అక్కడి చదురుగుడిలోంచి అమ్మవారు పైడితల్లమ్మ ఇదంతా రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది. ఆవిణ్ణి మాత్రం ఎవరూ కేవైసీ అడగరు.

దేవతలకైతే ఇంకో లోకం ఉంది, వెళ్ళిపోతారు. మనుషులకి ఆ వీలు లేదు. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది, ఈ ప్రాంతంలో దాన్ని ఎరగనివాళ్ళు తక్కువ. ఆ జబ్బు మొహం నరాన్ని కొడితే రెప్ప మూతపడదు. చేతి నరాన్ని కొడితే స్పర్శ పోతుంది, కాలినా తెగినా తెలియక వేళ్ళు అరిగిపోతాయి. మందు మింగి జబ్బు పూర్తిగా నయం చేసుకున్న మనిషి వేలు పెడితే మిషను పోల్చుకోదు, మొహం చూపిస్తే ఫోను నమ్మదు. ఈ కేసు వేసినవాళ్ళు యాసిడ్ దాడుల్లో కళ్ళు దెబ్బతిన్నవాళ్ళు. యాసిడ్ పోసినవాడు టపటపా రెండు రెప్పలేసి ఐదు నిమిషాల్లో ఖాతా తెరుచుకోగలడు. అది మీద పడ్డ మనిషి సుప్రీంకోర్టు మెట్లెక్కాలి.

ఎందుకు ఎక్కాలి? వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. నియమాలు 2017 జూన్ 15న వచ్చాయి. ప్రజలకి సేవలందించేవాళ్ళంతా రెండేళ్ళలో తమ సేవలు వికలాంగులకి అందేలా చూసుకోవాలని 46వ సెక్షన్ చెప్పింది. ఆ గడువు 2019 జూన్‌తో అయిపోయింది. వీడియో కేవైసీకి రిజర్వు బ్యాంకు అనుమతిచ్చింది 2020 జనవరిలో. అంటే పాత భవనానికి ర్యాంపు కట్టడం కష్టమన్న సాకు కూడా ఇక్కడ లేదు. గడువు దాటిన ఏడు నెలలకి పునాది తీసి, మెట్లే కట్టారు. ఎదుట ఉన్నది ప్రాణమున్న మనిషేనా అని చూడమంది రిజర్వు బ్యాంకు. తల తిప్పమనవచ్చు, తెర మీద అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పమనవచ్చు, ఏదీ కుదరకపోతే శాఖకి పిలిచి మనిషి మనిషిని చూడవచ్చు. బ్యాంకులకి రెప్ప ఒక్కటే తోచింది, ఎందుకంటే ఆ గదిలో కూర్చున్నవాళ్ళందరికీ రెప్పలున్నాయి.

ఇదే విజయనగరంలో చాగంటి జోగారావు గారు చూపులేని కొడుక్కి సంగీతం నేర్చుకునే దారి చూపమని అడిగితే, రాజు విజయరామ గజపతి 1919లో ఏకంగా సంగీత కళాశాలే పెట్టారని చెప్పుకుంటారు. కుర్రాణ్ణి ముందు మొహం గుండ్రంలో పెట్టమనలేదు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే ఫిడేలు చెప్పి, 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. రాజుగారికి చట్టం లేదు, కోర్టు లేదు, ఇరవై ఆదేశాలు లేవు.

బ్యాంకు వారూ, మీకు అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఆడిట్ చేయిస్తారట, నోడల్ అధికారిని పెడతారట. పెట్టండి. ముందు నాకు ఒక్క కాగితం చూపించండి: ‘ఈ యాప్ అందరూ వాడగలరు’ అని రాసి దాని కింద సంతకం చేసిన కాగితం. అలాంటిది లేకపోతే దాన్ని జనం మీదికి వదిలినవాడు ఎవడు? ఈ చట్టం తప్పితే మొదటిసారి పది వేల దాకా, ఆ తర్వాత యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది. మా ఖాతాలో కనీస నిల్వ వంద తగ్గితే అడక్కుండా కోసుకుంటారు కదా, ఆ పది వేలు ఏ బ్యాంకు ఖాతాలోంచి, ఏ తారీఖున కోశారో చెప్పండి.