ఊరి పత్రిక నోటీసుకు టీకా తాత్పర్యం

మూలం:
మన ఊరి పత్రిక ఈ నెల గూడ వస్తది. రాసిస్తమన్నోళ్లు జర మూడు దినాలల్ల రాసియ్యుండ్రి. టైపు కోరుట్లల, అచ్చు జగిత్యాలల. సిరిసిల్లకు పోయేటోళ్లు కాపీలు తీస్కపోండ్రి. దుబాయోళ్లకు ఫోన్ల పంపుతం. తప్పులుంటె చెప్పుండ్రి, తిట్టకుండ్రి.

అవతారిక:
కోరుట్లకూ జగిత్యాలకూ నడుమ ఒక ఊళ్లో, చాయ్ హోటలు గోడకు అంటించిన గ్రంథమిది. ఊరి పేరు చెబితే పక్క ఊరివాళ్లు మాదేనంటారు గనుక చెప్పను. కర్త పేరు మూలంలోనే లేదు. ఊరందరికీ తెలిసిన పేరుకు కాగితం దండగ. కాళిదాసు కావ్యాలకు టీకా రాసిన మల్లినాథసూరిది మన మెదక్ దిక్కు కొల్చారమే. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ముందే మాటిచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది ఇస్తే ఈ టీకా ఇక్కడితో సరి.

ప్రతిపదార్థం:
మన ఊరి పత్రిక = నాలుగు పేజీలది. ఏ3 కాగితాన్ని నడుమకు మడిస్తే నాలుగు పేజీలే అవుతాయి. ఐదో పేజీకి సరిపడా సరుకు వచ్చిందా, రెండో కాగితం ఎత్తాలి; ఎత్తితే మరో మూడు పేజీలు నింపాలి. కరెంటు ఆఫీసు నంబరు, షుగరుకు కాకరకాయ వైద్యం, ఎప్పటిదో సూక్తి ఆ మూడు పేజీల్లోనే పుడతాయి. ఇవి ప్రక్షిప్తాలు కదా అంటే, కావు. మడత పెట్టిన అవసరాలు.

ఈ నెల గూడ = పోయిన నెల రాలేదని ధ్వని.

రాసిస్తమన్నోళ్లు = గ్రంథానికి ప్రాణం ఈ పదం. రాసి, ఇస్తం, అన్న, వాళ్లు. నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వ్యాకరణంలో సంధి కుదిరింది, పనిలో ఇంకా కుదరలేదు. పెళ్లిలో పక్క విస్తరి మీద కూర్చొని అన్నవాళ్లు, పెన్షన్ వచ్చింది ఇక తీరికే అన్నవాళ్లు, "మా కాలంలో ఈ చెరువు" అని మొదలుపెట్టి చాయ్ అయ్యేదాకా ఆపనివాళ్లు ఇందులోకి వస్తారు. నోటితో చెప్పమంటే మూడు సంచికలకు సరిపోయేంత చెబుతారు. కాగితం ఇస్తే కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయంటారు.

రాసిచ్చేవాళ్ల కోసం ఎదురుచూడకుండా పల్లెలో పత్రిక నడిపినవాళ్లు లేరా అని పూర్వపక్షం. ఉన్నారు. 1922లో, నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక కనబడటమే అరుదైన రోజుల్లో, ఓరుగల్లు దిక్కు ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అన్నదమ్ములు 'తెనుగు' వారపత్రిక తెచ్చారు. ఊళ్లోనే అచ్చుయంత్రం పెట్టుకున్నారు. రాతా వాళ్లదే, అక్షరాల కూర్పూ వాళ్లదే. అన్నదమ్ములు ఒక్క మాట మీద నిలవడమే అక్కడ పెట్టుబడి. మన సంపాదకుడి తమ్ముడు రియాద్‌లో ఉన్నాడు.

ఇంకో ఉదాహరణ దగ్గరి కాలానిది. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లే విలేకరులై 'నవోదయం' పత్రిక నడిపారు. సంఘంలో లెక్క అప్పజెప్పే అలవాటున్న చేయి వార్తా అప్పజెబుతుందని నా ఊహ. కోరుట్ల దిక్కు ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. వాళ్ల కూలి వెయ్యి బీడీల లెక్క. వెయ్యికి పది తక్కువైనా చెల్లదు. ఇన్నేళ్లలో ఆ చేతికి ఒక్క కాగితమిచ్చి "నువ్వు రాయక్కా" అన్న సంపాదకుడు ఈ ఊళ్లో లేడు. నోటీసు రాసిస్తమన్నోళ్లనే పిలుస్తున్నది. అడగకుండా వదిలేసినవాళ్లకు మూలంలో పదమే లేదు, కాబట్టి ఇక్కడ టీకాకారుడు చేయగలిగిందీ లేదు.

జర = బతిమాలడం.

టైపు కోరుట్లల = ఇది కఠిన స్థలం. వ్యాసాలు వాట్సాప్‌లో వస్తాయి. అది యూనికోడ్ తెలుగు. డీటీపీ షాపులో ఉన్నది పేజ్‌మేకర్, అను ఫాంట్లు. దీని తెలుగు దానికి తెలుగు కాదు, అతికిస్తే పెట్టెలూ ప్రశ్నార్థకాలూ వరుస కడతాయి. మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది గాని, దారిలో ఒక కొమ్మో వత్తో దక్షిణగా పట్టుకుంటుంది. రెండు వత్తులు పోతే మల్లయ్య మలయ అవుతాడు. మలయమారుతమని టీకాకారుడు సరిపెట్టుకుంటాడు, మల్లయ్య సరిపెట్టుకోడు.

అచ్చు జగిత్యాలల = స్పష్టం.

సిరిసిల్లకు పోయేటోళ్లు = సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయి అక్కడే ఇల్లు పట్టినవాళ్ల చుట్టాలు. పోస్టు ఖర్చు లేని మార్గం. కాపీలు సంచిలో సకినాల డబ్బా మీద కప్పుగా పోతాయి. నూనె మరక ఉన్న ప్రతే చేరవలసిన చోటికి చేరిన ప్రతి. సాంచాలు నడుస్తుంటే ఒకరు చదివి పదిమందికి వినిపించడం కుదరదు, ఎవరి కళ్లతో వాళ్లే చదవాలి. అక్షరం పెద్దది వేయమని కబురు అక్కడినుంచే.

దుబాయోళ్లు = లక్షణచేత మస్కట్, దోహా, కువైట్, రియాద్ వాళ్లు కూడా. ఊరి వార్త వీళ్లకైనా కొత్త కదా అంటే, కాదు. బోనాలూ చూశారు, బోరు ఎండటమూ చూశారు, వీడియో కాల్‌లో. అయినా పీడీఎఫ్ తెరిచి నేరుగా చివరి పేజీకి పోతారు, అక్కడ చందాల జాబితా ఉంటుంది. తన పేరు ఉందా, ఎదురింటివాడి పేరు పక్కన అంకె ఎంత, ఇంతే ప్రయోజనం. ఊరి పత్రికను తెలియనిది తెలుసుకోవడానికి ఎవరూ చదవరు. తెలిసినదాన్ని సరిగ్గా రాశారా లేదా చూస్తారు. అందుకే దేశం గురించి తప్పు రాస్తే పట్టించుకోరు, ఇంటిపేరులో దీర్ఘం పోతే ఇంటికి వస్తారు.

తిట్టకుండ్రి = పైవాక్యానికి ఫలశ్రుతి.

తాత్పర్యం:
పత్రిక వస్తుంది. ఎప్పుడన్నది సంపాదకుడి చేతిలో లేదు.

పాఠాంతరం:
బస్టాండు దగ్గరి ప్రతిలో "రాసిస్తమన్నోళ్లు" అన్నదాన్ని నీలి పెన్నుతో కొట్టేసి "పైసలిస్తమన్నోళ్లు" అని, "రాసియ్యుండ్రి" అన్నచోట "ఇయ్యుండ్రి" అని దిద్ది ఉంది. అర్థం చెడదు గనుక రెండు పాఠాలూ గ్రాహ్యమే. చేతిరాత మాత్రం సంపాదకుడిదే.