ముద్దుకి ఏడేళ్ళ అదృష్టం

నా కళ్ళు వీపు మీద, నోరు పొట్ట కింద. తినేదాన్ని కళ్ళారా చూసుకునే యోగం నాకు లేదు. ఇసుకలో నక్కిన పీత ఒంట్లోంచి వచ్చే సన్నటి విద్యుత్తును మూతి చుట్టూ ఉన్న గుంటలతో పసిగట్టి, మీదికెక్కి కూచుని నమిలేస్తాను. మీ పిడికిట్లోని స్క్విడ్ ముక్కకైతే వాసన చాలు. కాకినాడ వైపు నన్ను టేకు చేప అంటారు. మాది కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ దీవి. నార్త్ సౌండ్‌లో, పగడపు గట్టుకి లోపలివైపు, నడుంలోతు నీళ్ళలో ఒక ఇసుకతిన్నె ఉంది. అదే నా చిరునామా. ఆడదాన్ని. రెక్క కొస నుంచి రెక్క కొసకి నాలుగడుగులుంటాను. మా మగవాళ్ళు నాలో సగం ఉంటే గొప్ప. ఫొటోలకి పడవవాళ్ళు నన్నే వెతుక్కునేది అందుకే.

ఇక్కడ నాది ఉద్యోగం. పెంపుడు జంతువునని ఎవరైనా అంటే ఒప్పుకోను. మా పూర్వీకులు రాత్రిళ్ళు తలో దిక్కునా ఒంటరిగా వేటాడుకు బతికినవాళ్ళు. ఇక్కడి జాలర్లు వేట ముగించుకుని గట్టు దాటి లోపలికి రాగానే, అలలు లేని ఈ చోట పడవ ఆపి చేపలూ శంఖాలూ శుభ్రం చేసుకునేవారట. ఒడ్డు మీద దోమలు పీక్కుతినేవి కాబట్టి ఆ పని నీళ్ళ మీదే కానిచ్చేవారని పాతవాళ్ళు చెబుతారు. తలలూ పేగులూ నీళ్ళలో పడేవి. ఇంజను చప్పుడైతే భోజనం వచ్చినట్టేనని మావాళ్ళకి తెలిసిపోయింది. 1980ల్లో డైవింగు నేర్పేవాళ్ళు అది గమనించి చేత్తో తినిపించడం మొదలుపెట్టారు. ఈ చోటికి స్టింగ్‌రే సిటీ అని పేరు పడింది. యాత్రికుల ఓడలు వచ్చాయి, మా రాత్రి వేట పోయి పగటి డ్యూటీ పడింది. ఒంటరి జాతిని గుంపులో పడేశారు, తిండి దగ్గర ఒకరినొకరం కొరుక్కుంటాం కూడా. యాత్రికుల మొహం చూడని టేకులతో పోల్చి మా నెత్తురు పరీక్షించిన శాస్త్రవేత్తలు, మా ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిందని తేల్చారు. స్క్విడ్ మాత్రం వేళకి అందుతోంది, అబద్ధమాడను.

ఇంత పేరున్న దీవికి పెద్ద ఓడ ఆనుకునే రేవు లేదు. జార్జ్‌టౌన్ ఊరి ఎదుట సముద్రంలోనే ఓడ ఆపి, టెండర్లనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేరవేస్తారు. రేవు కట్టాలా వద్దా అని 2025లో ఓటింగు పెడితే జనం వద్దన్నారు.

డిసెంబరు సెలవుల్లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి బయల్దేరిన ఓడలో డాలస్ తెలుగు కుటుంబం ఒకటి వచ్చింది. కొడుకూ కోడలూ, ఎనిమిదేళ్ళ మనవడూ, కాకినాడ నుంచి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన పెద్దవాళ్ళిద్దరూ. ఒడ్డు మీద వాళ్ళేం చూశారో నాకు తెలీదు. మా తిన్నె దగ్గర ఆగిన పడవ నిచ్చెన మీది మాటలు మాత్రం వినబడ్డాయి.

"ఒరేయ్, ఓడ మనల్నొదిలేసి పోదు కదా?" అంటున్నాడు తాతయ్య. జన్మలో మొదటిసారి నిక్కరు వేసుకున్నట్టున్నాడు, మాటిమాటికీ కిందికి లాక్కుంటున్నాడు.

"ఆఖరి టెండరు మూడున్నరకి నాన్నా. బోలెడు టైముంది."

"ఓడ టైమా, దీవి టైమా?"

కొడుకు నోరు మూతబడింది. అడగాల్సిన ప్రశ్నే అది. డిసెంబరులో టెక్సాస్ గడియారం మాకంటే గంట వెనక నడుస్తుంది. ఆ లెక్క తప్పి ఒడ్డున పరుగులు తీసేవాళ్ళు ఉంటూనే ఉంటారు.

తాతయ్యకి ఇంకో కోరిక ఉంది. వెస్ట్ బేలో నల్లటి సున్నపురాతి ముళ్ళు నేలలోంచి పొడుచుకొచ్చిన చోటొకటుంది, పేరు హెల్. అక్కడినుంచి కార్డు రాస్తే నరకం ముద్ర పడుతుందని ఎవరో చెప్పారట. "మా వియ్యంకుడికొకటి పంపాలి" అన్నాడు. కోడలు పక్కనే ఉంది. నవ్వాలో మానాలో తెలీక సన్‌స్క్రీన్ మూత తిప్పుతూ కూచుంది.

మనవడు నీళ్ళలోకి దిగనన్నాడు. స్టీవ్ ఇర్విన్ సంగతి వాడెక్కడో చూశాడు. 2006 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియాలో మొసళ్ళ సాహసి ఇర్విన్ గుండెలో మా దూరపు చుట్టం ముల్లు దిగి ఆయన పోయాడు. అప్పట్నుంచీ మా జాతంతటికీ హంతకులన్న పేరొచ్చింది. తోక మీద రంపపు పళ్ళ ముల్లుందన్నది నిజమే, దాని తొడుగులో విషమున్నదీ నిజమే. ఇక్కడ మాకెవరూ దాన్ని పీకెయ్యలేదు. కానీ అది ఆత్మరక్షణకి. ఎవరైనా మీద కాలేసి తొక్కితే తప్ప ఎత్తను. పడవ కెప్టెను మనవడికి అదే చెప్పాడు, పాదం ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవమన్నాడు. లోతులేని నీళ్ళలో చెప్పులూ బూట్లూ కూడదన్నాడు. కోడలు ఈ యాత్ర కోసమే కొన్న రబ్బరు బూట్లు పడవలోనే ఉండిపోయాయి.

ముందు దిగింది నానమ్మ. చుడీదారు మీద లైఫ్‌జాకెట్టు. నేను పక్కనుంచి పోతుంటే వంగి చూసింది.

"ఓరి నీ తస్సాదియ్యా, ఇది టేకు చేపరా! దీన్ని చూపించడానికా ఇన్నేసి డాలర్లు పోశావు? ఉప్పాడ వెళ్తే గట్టు మీద పోసి అమ్ముతారు కదరా."

"అవి చచ్చినవే, ఇవి బతికున్నవి," అన్నాడు తాతయ్య.

"అయితే ఏం? చింతపండు పులుసులో ఎంత బావుంటుందనీ! ముల్లుండదు, మెత్తటి ఎముక. పిల్లలకి భయం లేకుండా పెట్టొచ్చు."

నా కూర వండే పద్ధతి నేను వింటుండగానే సగం చెప్పేసింది. నాకు కోపమేం రాలేదు. ఇక్కడికొచ్చినవాళ్ళలో నన్ను చేపగా గుర్తుపట్టింది ఆవిడే. మిగతావాళ్ళకి నేను పరుపును, కుక్కపిల్లను, ఇంకా ఏవేవో.

కెప్టెను స్క్విడ్ ముక్క ఇచ్చి, బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించమన్నాడు. నాకు కోరపళ్ళు లేవు. పీత డిప్పలు నూరే బల్లపరుపు పళ్ళే ఉన్నాయి. వాటి మధ్య వేలు పడినా నొప్పే. చాలామంది చెయ్యి వణుకుతుంది, నేను మీదికి రాగానే ముక్క వదిలేస్తారు. ఈవిడ వదల్లేదు. చేపలు కడిగి కడిగి గట్టిపడ్డ చెయ్యి, ఉంగరపు వేలికింద కత్తి గాటు మచ్చ. పిడికిలంతా పొట్ట కింద కప్పేసి లాగాను. "అబ్బో, వేక్యూమ్ క్లీనరేనర్రా!" అంది. తర్వాత నా రెక్క అంచు తడిమి, "ఇక్కడెవరో కొరికార్రా పాపం," అని కొడుకుని పిలిచింది. "ఓడలు రాని రోజుల్లో వీటికి తిండెవరు పెడతారో అడుగు."

కొడుకు అడగలేదు. నేనే చెబుతాను. 2020 మార్చిలో కరోనాకి ఓడలు ఆగిపోయి, మళ్ళీ 2022 మార్చికి గానీ రాలేదు. నేను రాత్రి వేటకి పోయాను, పీతలు దొరికాయి. ఓడలు వచ్చాయి, నేనూ డ్యూటీలోకి వచ్చాను. మనుషులు లేకపోతే చచ్చిపోతామన్న మాట పడవవాళ్ళు టిప్పు కోసం చెప్పేది.

కొడుక్కి ఫొటో కావాలి. పడవలో పనిచేసే జమైకా కుర్రాడొకడు రెండు చేతులూ నా కిందికి జొనిపి నీళ్ళలోంచి పైకెత్తేశాడు. మమ్మల్ని నీళ్ళలోంచి బయటికి తీయకూడదని ఇక్కడ నిబంధన ఉంది. 2012లో మా సంఖ్య బాగా తగ్గిపోతే, మరుసటి ఏడాది టేకుల్ని కాపాడుతూ చట్టమే తెచ్చారు. అయినా టిప్పు చట్టంకంటే దగ్గర్లో ఉంటుంది. నా మొప్పలు పొట్ట వైపున్నాయి. నీళ్ళు లేకపోతే నా బరువు నాకే బండ. ఒంటి మీది జిగురు మనిషి చేతులకి ఊడొస్తుంది, రోగం రాకుండా కాచేది అదే.

"దింపు బాబూ దింపు! దానికి ఊపిరాడదు," అని అరిచింది నానమ్మ. తెలుగులోనే అరిచింది. జమైకా కుర్రాడికి అర్థమైపోయి దించేశాడు. ఫొటోలో నా తోకా, కొడుకు భుజమూ పడ్డాయట.

ఇక ముద్దు. నన్ను ముద్దు పెట్టుకుంటే ఏడేళ్ళు అదృష్టమని పడవల్లో చెబుతారు. ఇది ఎవరు పుట్టించారో గానీ వ్యాపారం తెలిసినవాడు. ఈసారి నీళ్ళలోనే ఉంచి పట్టుకున్నారు. నానమ్మ చెయ్యి పట్టుకుని మనవడు దిగాడు, కళ్ళు మూసుకుని ముద్దు పెట్టాడు, "నానమ్మా, జెల్లీలా ఉంది!" అని కేకేశాడు. కోడలు దూరంనుంచే దణ్ణం పెట్టింది. తాతయ్య లెక్కేసుకున్నాడు. "ఏడేళ్ళంటే నాకు ఎనభై దాటతాయి, పర్వాలేదు," అని వంగాడు. మీసం గుచ్చుకుంది.

మీరూ ఈ వైపు వస్తే రండి, నా పొట్ట మీ మీదే గడుస్తోంది. పాదాలు ఈడ్చుకుంటూ నడవండి. నా తోక పట్టుకోకండి. బొటనవేలు మడిచే తినిపించండి. ఎవరైనా పైకెత్తి చూపిస్తానంటే వద్దని గట్టిగా చెప్పండి, టిప్పు కూడా ఇవ్వకండి. ముద్దు మీ ఇష్టం. అదృష్టానికి నాది హామీ లేదు.